పాటకు వేలిముద్ర

2002లో బ్రిటన్‌లో షాజామ్ అనే సేవ మొదలైంది. హోటల్లోనో బారులోనో పాట వినిపిస్తే 2580కి ఫోన్ చేసి, దాన్ని పాటవైపు పట్టేవారు. కాసేపటికి దాని పేరు మెసేజ్‌గా వచ్చేది. చుట్టూ అంత గోలలోనూ పాటను పోల్చుకునే ఉపాయం ఏవరీ వాంగ్‌ది. ఆయన పాటలో గట్టిగా నిలిచే శబ్ద శిఖరాలను మాత్రమే ఏరాడు. రెండేసి శిఖరాల పౌనఃపున్యాలనూ వాటి మధ్య వ్యవధినీ కలిపి సంఖ్యగా మార్చి దాచాడు. పాటకు అవే వేలిముద్రలు.

2007 మార్చిలో వయాకామ్ అనే మీడియా సంస్థ కాపీరైట్ ఉల్లంఘన అంటూ యూట్యూబ్‌పై 100 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఆ అక్టోబరులో యూట్యూబ్ తన వేలిముద్రల యంత్రం కంటెంట్ ఐడీని తెచ్చింది. హక్కుదారు ఇచ్చిన రికార్డుతో వీడియో కలిస్తే, అతని ఇష్టాన్నిబట్టి దాన్ని ఆపేస్తుంది, లేదా ప్రకటనల డబ్బు అతనికి మళ్లిస్తుంది. పాడే గొంతు వేరైనా బాణీని పట్టడం కూడా తర్వాత నేర్చింది.

గుర్తుపట్టే యంత్రానికి తీర్పు అప్పగించడంతోనే చిక్కు వచ్చింది. ఉదాహరణకు, అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. మన కాపీరైట్ చట్టంలో రచయిత పోయిన 60 ఏళ్లకు రచన అందరిదీ అవుతుంది. కానీ ఆయన కీర్తనలు చెక్కిన తిరుమల రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, స్వరాలు లేవు. చాలా కీర్తనలకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు బాణీలు కట్టారు. ఏ బాణీపై ఎవరికి ఎంత హక్కుందో కాగితాలు చూసి మనిషి తేల్చాలి. యంత్రానికి తెలిసింది పోలిక ఒక్కటే. తిరుపతిలో ఓ అమ్మాయి ఇంట్లో కీర్తన పాడి పెట్టినా అది పోలికే చూస్తుంది. దానిపై ఆమె అభ్యంతరం చెబితే, ఆ మాట మొదట వెళ్లేది హక్కు నాదన్నవాడి దగ్గరికే. జవాబుకు అతనికి 30 రోజుల గడువు.

యంత్రానికి తెలియని సందర్భం మన చట్టానికి తెలుసు. 1994 సవరణ పెళ్లి ఊరేగింపులో, వేడుకల్లో పాటలకు మినహాయింపునిచ్చింది. అయినా రుసుము అడుగుతున్నారని ఫిర్యాదులు రావడంతో 2023 జూలై 24న కేంద్రం మళ్లీ స్పష్టం చేయాల్సివచ్చింది. ఆ ప్రకారం చిత్తూరు కల్యాణమండపంలో పెళ్లిపాటకు లైసెన్సు అక్కర్లేదు.

స్వరకర్తకు, గాయకుడికి రావలసింది రావాలి. యంత్రం పోలిక చూపించవచ్చు. వీడియో ఆపేముందు, డబ్బు మళ్లించేముందు మాత్రం ఇరుపక్షాలకూ చెందని మనిషి ఒకరు పాడినవారి మాట వినాలి. హక్కును రుజువు చేసే భారం అడిగినవాడిదే కావాలి.