ఓడ ప్లేట్ల వంపు టెంప్లేట్లు

ఓడ దేహానికి బిగించే ఉక్కు ప్లేటు ఏ చోట ఎంత వంగాలో చూపే మూసలివి. సాధారణంగా సన్నని చెక్కతోనో ప్లైవుడ్‌తోనో చేస్తారు. ప్లేటుకు చివరికి రావలసిన వంపు టెంప్లేటు కింది అంచుకు ముందే ఉంటుంది.

చెక్క ఓడల కాలంలో మూసల అవసరం ప్రధానంగా పక్కటెముకలకే. వెనిస్ ఓడల పనివాళ్లు ఒకే మూసను గుర్తుల ప్రకారం జరుపుతూ, నడుమ నుంచి కొసల వైపు సన్నబడే పక్కటెముకలను గీసేవారు. రోడ్స్‌కు చెందిన మైకేల్ అనే నావికుడు 1434లో మొదలుపెట్టిన రాతప్రతిలో ఓడల నిర్మాణం గురించి వివరంగా ఉంది. ఆ విషయం మీద ఇప్పటికి దొరికిన అతి పాత రచనల్లో అదొకటి. పలకలకు ఇంత తతంగం లేదు. వేడికి మెత్తబరిచి వంచితే పక్కటెముకల మీద ఒదిగేవి.

ఇనుముతో ఆ వెసులుబాటు పోయింది. ప్లేటును నేల మీదే కోసి, వంచి ఓడ మీదికి ఎక్కించాలి. ఇంజనీరు బ్రూనెల్ రూపొందించిన ‘గ్రేట్ ఈస్టర్న్’ అనే ఇనుప ఓడ 1858లో థేమ్స్ నదిలోకి దిగింది. దానికి పట్టిన ప్లేట్లు సుమారు 30,000. వాటిని విడివిడిగా చేసిన చెక్క మూసల ప్రకారం కోసి, ఆ తర్వాత రోలర్ల మధ్య వంచారు. ఇలాంటి మూసలు మోల్డ్ లాఫ్ట్ అనే పెద్ద హాలులో తయారయ్యేవి. ఓడ గీతలను ఆ హాలు నేల మీద అసలు కొలతలోనే గీసేవారు. చిన్న కాగితం మీద కంటికి ఆనని వంకర అక్కడ దొరికిపోయేది.

ఒకే దిశలో వంగే ప్లేటుకు రోలర్లు చాలు. ముక్కు దగ్గర, వెనుక ప్రొపెల్లర్ దగ్గర ప్లేటు రెండు దిశల్లోనూ వంగాలి. అసలు చిక్కంతా ఇక్కడే. కొబ్బరికాయకు కాగితం చుడితే ముడతలు పడక తప్పదు. సాగకుండా, కుంచించుకోకుండా చదును తలం అలా వంగదని గణిత శాస్త్రవేత్త గౌస్ 1827లోనే నిరూపించాడు. పూర్వం ఇలాంటి ప్లేట్లను కొలిమిలో కాల్చి సమ్మెటలతో కొట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ యార్డులు మరో పద్ధతిని బాగా అభివృద్ధి చేశాయి. గ్యాస్ మంటను గీత వెంట నడుపుతూ, వెనకే నీళ్లు పోస్తారు. వేడెక్కిన చోట ఉక్కు సాగబోతే చుట్టూ ఉన్న చల్లని ఉక్కు సాగనివ్వదు. చల్లారాక ఆ మేర కుదించుకుపోయి ప్లేటు వంగుతుంది.

ఎంత వంగిందో చెప్పేది టెంప్లేటే. ప్లేటు మీద పక్కటెముకలు (ఫ్రేములు) వచ్చే గీతల వెంట టెంప్లేట్లను వరుసగా నిలబెడతారు. పైభాగంలో ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంటుంది. పనివాడు ఒక కొసన వంగి, ఒంటికన్నుతో చూస్తాడు. గుర్తులన్నీ ఒకే వరసలోకి రావాలి. ఒక్కటి తప్పినా ప్లేటు ఆకారం ఇంకా కుదరనట్టే. చెక్క అంచుకూ ప్లేటుకూ మధ్య వెలుతురు కనిపిస్తే మళ్లీ మంట పట్టాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒకే నమూనాలో 2,700కు పైగా ‘లిబర్టీ’ సరుకు ఓడలు కట్టిన అమెరికాలో ఒకసారి చేసిన మూసలు ఓడ తర్వాత ఓడకు పనికొచ్చాయి. తర్వాత నేల మీద గీసే అసలు కొలత గీతలకు బదులు పదో వంతు కొలత డ్రాయింగులు వచ్చాయి. 1960ల్లో నార్వేలో పుట్టిన ఆటోకాన్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములతో కోత పని మూసల చేతుల్లోంచి జారిపోయింది. లాఫ్ట్ హాళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

వంపు పని మాత్రం అంత తొందరగా లొంగలేదు. లేజర్ స్కానర్లు వచ్చినా చాలా యార్డుల్లో చెక్క టెంప్లేట్లు ఇంకా వాడుతున్నారు. కాకపోతే వాటి వంపును ఇప్పుడు లెక్కగట్టేది కంప్యూటర్.