కూడబలుక్కోవడం నుంచి కథ దాకా

తెలుగులో విద్యనూ చదువే అంటాం, పుస్తకం తెరిచి చదవడాన్నీ చదువే అంటాం. నాలుగు, ఐదు తరగతులకు వచ్చేసరికి ఈ రెండర్థాలూ నిజంగానే ఒకటైపోతాయి. పరిసరాల విజ్ఞానమైనా, లెక్కల్లో మాటలతో ఇచ్చిన సమస్య అయినా ఎవరికి వాళ్లు చదివి అర్థం చేసుకోవాల్సిందే. ఆ వయసుకు వచ్చీ ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లలకు ఏం చెయ్యాలి? మన బడులకు ఇది రెండు వందల ఏళ్ల నాటి ప్రశ్న.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని బడుల వివరాలు పంపమన్నాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో ఆనాటి తెలుగు, కన్నడ వీధిబడులు కళ్లకు కడతాయి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. తర్వాత తాటాకు మీద గంటంతో రాసేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. లోపాన్నీ దాచలేదు. పిల్లలు వల్లించే పద్యాల భాష ఇళ్లలో మాట్లాడే భాషకు దూరంగా ఉందనీ, అర్థం విడమరిచి చెప్పగల పంతుళ్లు అరుదనీ రాశాడు. గొంతు పలికింది మనసుకు అందకపోవడం అనే జబ్బు అప్పటికే కాగితానికి ఎక్కింది.

1832లో పుదూరి సీతారామశాస్త్రి 'బాలశిక్ష' వచ్చింది. తర్వాత అదే పెద్ద బాలశిక్షగా పెరిగి, తరతరాలకు తొలి పుస్తకమైంది. అక్షరం, గుణింతం, ఒత్తు, చిన్న మాటలు, ఆపైన నీతివాక్యాలు, పద్యాలు అంటూ అది వేసిన మెట్లు నేటి వాచకాల్లోనూ కనిపిస్తాయి. కానీ మెట్లెక్కిన పిల్లవాడికి ఎదురైన భాష గ్రాంథికం. 1853 నాటి చిన్నయసూరి 'నీతిచంద్రిక' శైలే చాలాకాలం పాఠ్యపుస్తకాలకు ఒరవడి అయింది. లిపితో పాటు భాషతోనూ పిల్లలు కుస్తీ పట్టాల్సి వచ్చింది.

ఈ ముడిని గట్టిగా పట్టుకున్నవాడు గిడుగు రామమూర్తి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దంలో ఇంగ్లీషు దొర జె.ఏ. యేట్స్ బడుల తనిఖీకి వచ్చి, జనం నోట వినిపించే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగును వాడుక భాషా ఉద్యమం వైపు నడిపించిన వాటిలో ఆ ప్రశ్న ఒకటి. సవర తెగ పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపింది కూడా ఆయనే. బిడ్డకు తెలిసిన మాటతోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన పట్టుదల.

వాడుక భాషకు పాఠ్యపుస్తకాలు తటపటాయిస్తున్న కాలంలో పిల్లల పత్రికలు ముందు నడిచాయి. 1945లో న్యాయపతి రాఘవరావు 'బాల', 1947లో 'చందమామ' వచ్చాయి. కథ తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం, ఏ పంతులూ బెత్తంతో చేయించలేని పని చేయించింది. పిల్లలు అవే కథలు పదే పదే చదివారు. చదివే కొద్దీ ధారాళం అబ్బింది.

ఆ తర్వాత చూపు పిల్లల స్థాయి మీదికి మళ్లింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో కార్డులను మెట్లుగా అమర్చి, ఎవరు ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి నేర్పారు. 2005లో మొదలైన 'అసర్' సర్వే పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించింది. 2022లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. తరగతిని పక్కనపెట్టి, చదవగల స్థాయిని బట్టి మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని జట్లు కట్టి నేర్పే 'ప్రథమ్' సంస్థ పద్ధతి ఈ కాలంలోనే బలపడింది. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి దాకా గురి పెట్టుకుంది. 2022లో తెలంగాణ తన 'తొలిమెట్టు' కార్యక్రమాన్ని ఐదో తరగతి వరకూ నడిపింది. మూడో తరగతి దాటిపోయిన పిల్లల్ని మరవకపోవడం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఐదో తరగతి పిల్లవాడు 'శాస్త్రవేత్త' అన్న మాట దగ్గర ఆగడం చూడండి. 'శా' అంటాడు. 'స' కింద రెండు ఒత్తులు కనిపిస్తాయి. ఏది ముందు పలకాలో తేల్చుకుని 'వే' దాటి 'త్త' చేరేలోపు మొదట పలికిన 'శా' జారిపోతుంది. ఇక వాక్యం అర్థమయ్యేదెలా? పదేళ్ల వాడి చేతిలో ఒకటో తరగతి వాచకం పెడితే నామోషీతో పుస్తకం మూసేస్తాడు. వాడి వయసుకు తగ్గ కథ, వాడికి అందే మాటల్లో కావాలి. టీచరు ఒకసారి చదివి వినిపించాలి, తర్వాత కలిసి చదవాలి, ఆపైన వాడొక్కడే చదవాలి. చివరికి పుస్తకం మూసి కథను వాడి యాసలో, వాడి మాటల్లో చెప్పనివ్వాలి.

ఇసుకలో అక్షరం దిద్దించిన వీధిబడి ఆ ఆఖరి పనిని వదిలేసింది. మనం వదలకూడదు. పిల్లవాడు కథను తిరిగి చెప్పిన రోజునే దాన్ని చదువు అనాలి.