బొమ్మ రైలింజను రొదలో మోటారు చరిత్ర

కాజీపేట నుండి బల్లార్షా వరకు గల రైలుమార్గం 1929లో పూర్తి కావడంతో మద్రాసుకు, ఢిల్లీకి నేరుగా రైలు సంబంధం ఏర్పడింది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా వచ్చి, గోదావరిని దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు కాగజ్‌నగర్‌ల వైపు సాగే ఈ దారి పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పిల్లలకు చిరపరిచితమైనది. మొదట ఆవిరి యంత్రాలు, తరువాత డీజెలు యంత్రాలు, 1980 దశాబ్దపు చివరి సంవత్సరాల నుండి విద్యుత్ యంత్రాలు దీనిమీద బండ్లను లాగుతూ వచ్చాయి. యంత్రం మారినప్పుడల్లా దాని చప్పుడు కూడా మారింది. చప్పుడును బట్టి లోపలి నిర్మాణాన్ని ఊహించవచ్చునన్నమాట.

ఈ మాట అరచేతిలో ఇమిడే బొమ్మ రైలింజనుకు కూడా వర్తిస్తుంది. పాఠశాల విజ్ఞాన ప్రదర్శనకోసం తెచ్చిన ఇంజను మొదట్లో మెత్తగా తిరిగి, కొన్నాళ్ళకు గరగరమనో, కీచుమనో మొరాయిస్తుంది. వెంటనే అందులో నూనె పోయడం చాలామందికి అలవాటు. తగని చోట పడిన ఆ నూనే చాలాసార్లు మోటారును పాడు చేస్తుంది. ఎందువల్లనో తెలియాలంటే మోటారు ఎట్లా పెరిగి వచ్చిందో తెలియాలి.

విద్యుత్తు ప్రవహించే తీగను అయస్కాంతం చుట్టూ ఎడతెగకుండా తిప్పవచ్చునని మైకేల్ ఫారడే 1821లో చూపాడు. కాని బండిని లాగే మోటారులో ఒక చిక్కు ఉన్నది. తిరిగే తీగచుట్ట సగం చుట్టు తిరగగానే అందులోని విద్యుత్ ప్రవాహం దిశ మారాలి. మారకపోతే చుట్ట అక్కడే నిలిచిపోతుంది. దిశను మార్చే ఈ ఏర్పాటే కమ్యుటేటరు. అది ఇరుసుమీద అమర్చిన రాగి పలకల వలయం. పలకకు, పలకకు మధ్య సన్నని సందు ఉంటుంది. కదలకుండా నిలిచిన రెండు బ్రష్షులు ఆ పలకలను రాసుకుంటూ విద్యుత్తును అందిస్తాయి.

అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రంలో థామస్ డావెన్‌పోర్టు అనే కమ్మరి 1834లో ఇటువంటి మోటారును తయారు చేశాడు. మరుసటి సంవత్సరమే దానితో గుండ్రని పట్టాలమీద చిన్న బండిని నడిపి చూపాడు. 1837లో మోటారుకు పేటెంటు పొందాడు. అంటే విద్యుత్ రైలు మొదట బొమ్మగానే పుట్టింది! ఆనాటి బ్యాటరీల ఖర్చును భరించలేక అతని ప్రయత్నం ఆగిపోయింది. 1879లో బెర్లిను ప్రదర్శనలో వెర్నర్ సీమెన్స్ 300 మీటర్ల గుండ్రని దారిపై మనుషులను ఎక్కించి విద్యుత్ రైలును నడిపించాడు.

అప్పటి బ్రష్షులు లోహపువి. అవి కమ్యుటేటరును గీకేవి, నిప్పురవ్వలు రాల్చేవి. 1885లో జార్జి ఫోర్బ్స్ లోహానికి బదులు కర్బనాన్ని వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. కర్బనం మెత్తనిది, తనకు తానే జారుడునిస్తుంది. పలకలు మారే క్షణంలో అనవసర ప్రవాహాన్ని అడ్డుకొని రవ్వలను తగ్గిస్తుంది. 1888 నాటికి ట్రాములలో కూడా కర్బనపు బ్రష్షులు వాడుకలోకి వచ్చాయి. నేటికీ అనేక బొమ్మ ఇంజన్లలో ఉన్నవి ఇవే.

ఇక మన రొద సంగతి. నాలుగు పరీక్షలు చాలు. ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేయాలి. సరఫరా 12 వోల్టులకు మించకూడదు. ఇంటి విద్యుత్తును నేరుగా ఎన్నడూ తగిలించరాదు.

మొదటిది: ఇంజనును పట్టాలమీద నుండి తీసి, మెత్తని గుడ్డపై వెల్లకిల ఉంచి నడపండి. రొద తగ్గితే, పట్టాలు కొట్టిన చెక్కపలక వీణబుర్ర వలె చప్పుడును పెంచుతున్నదని అర్థం.

రెండవది: సరఫరాకు బదులు బ్యాటరీతో నడపండి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు గలది. దానిని ఏకముఖ ప్రవాహంగా మార్చినప్పుడు సెకనుకు 100 తోపులు వస్తాయి. వాటిని చదును చేయకపోతే మోటారు జుమ్మంటుంది. బ్యాటరీతో ఆ జుంకారం పోతే మోటారులో దోషం లేనట్లే.

మూడవది: మోటారును పళ్ళచక్రాలనుండి విడదీసి ఒంటరిగా తిప్పండి. చప్పుడు ఆగితే దోషం పళ్ళలో ఉన్నది. అక్కడ చిక్కిన వెంట్రుకను, దుమ్మును, అరిగిన పంటిని వెదకాలి.

నాలుగవది: మోటారును ఇంజనులో తిరిగి అమర్చి ముందుకు, వెనుకకు నడపండి. ఒక దిశలోనే రొద వస్తే ఇరుసు అటూ ఇటూ జరుగుతున్నదేమో చూడాలి.

ఒంటరిగా తిరిగే మోటారే కీచుమంటే బేరింగు ఎండి ఉండవచ్చు. సూదిమొనతో ఒక్క చుక్క పలుచని నూనె చాలు. గరగరమంటూ రవ్వలు ఎక్కువగా రాలితే కమ్యుటేటరును చూడండి. బ్రష్షులనుండి రాలిన కర్బనపు పొడి నూనెతో కలిసి నల్లని ముద్ద అవుతుంది. అది పలకల సందులలో నిండితే విద్యుత్తు అడ్డదారిన పోతుంది. విద్యుత్తు తీసివేసి, స్పిరిటు తడిపిన గుడ్డతో పలకలను తుడిచి, చీపురుపుల్ల మొనతో సందులను శుభ్రం చేయాలి. స్పిరిటు పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి నడపాలి. గరుకు కాగితంతో రుద్దితే పలకలు గీతలు పడి రొద మరింత పెరుగుతుంది.

పెద్దపల్లి మీదుగా బొగ్గుబండ్లను లాగిన పాత తరహా విద్యుత్ యంత్రాలలోనూ కమ్యుటేటరు, కర్బనపు బ్రష్షులు ఉండేవి. 1990 దశాబ్దపు మధ్యకాలంలో మన రైల్వేలకు మూడు ఫేజుల మోటార్లు గల యంత్రాలు వచ్చాయి. వాటిలో తిరిగే భాగానికి విద్యుత్తును రాపిడి ద్వారా అందించనక్కరలేదు. కనుక బ్రష్షులు లేవు. పళ్ళచక్రాలు, బేరింగులు మాత్రం ఉన్నాయి. పెద్ద ఇంజను వదిలించుకొన్న పాత చిక్కును చిన్న ఇంజను ఇంకా మోస్తున్నదన్నమాట.

కనుక రొద వినగానే నూనెసీసా అందుకోవద్దు. సరఫరా, పట్టాలు, పళ్ళు, బేరింగు, బ్రష్షులు అనే అయిదింటిలో అది ఎక్కడ పుడుతున్నదో ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి. ఉపాధ్యాయులు ఈ పరీక్షలను విద్యార్థుల చేతనే చేయించి, ప్రతి మార్పుకు ముందు ఏమి జరుగునో వారిచేత రాయిస్తే, చెడిన బొమ్మయే మంచి ప్రయోగశాల కాగలదు.