వివియనైట్: వెలుగు తగిలితే నీలమయ్యే ఖనిజం

గనిలోంచి అప్పుడే తీసిన వివియనైట్ స్ఫటికానికి దాదాపు రంగే ఉండదు. వెలుగులో పెడితే లేత ఆకుపచ్చకు తిరుగుతుంది, తర్వాత నీలమవుతుంది, ఏళ్లు గడిస్తే నల్లబడుతుంది. మూడు ఇనుము పరమాణువులకు రెండు ఫాస్ఫేట్లు, ఎనిమిది నీటి అణువులు చొప్పున ఉన్న ఖనిజమిది. మొదట ఇనుమంతా ఫెర్రస్ రూపంలోనే ఉంటుంది. గాలీ వెలుగూ సోకితే కొంత ఇనుము మరో ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రిక్‌గా మారుతుంది. పక్కపక్కనే ఉన్న ఈ రెండు రకాల ఇనుము మధ్య ఎలక్ట్రాన్ చేతులు మారేటప్పుడు ఎర్ర కాంతి ఖర్చయిపోతుంది, మన కంటికి నీలం మిగులుతుంది. చాలా మెత్తన కూడా. గోటితో గీకితే గీత పడుతుంది.

1817లో జర్మన్ ఖనిజశాస్త్రవేత్త వెర్నర్ దీనికి జాన్ హెన్రీ వివియన్ పేరు పెట్టాడు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, సెయింట్ ఆగ్నెస్ దగ్గరి గనిలో దీన్ని కనుగొన్నది ఆయనే. అయితే నీలి ఇనుపమన్నుగా చిత్రకారులు అంతకుముందే దీన్ని వాడుతున్నారు. వెర్మీర్ 1656లో వేసిన ఒక చిత్రంలోని తివాచీలో ఈ రంగు దొరికింది.

కరిగిన శిల చల్లారుతుండగా నేరుగా పుట్టే ఖనిజం కాదిది. ముందున్న ఖనిజాలు శిథిలమయ్యాక, వాటి ఇనుమూ ఫాస్ఫేటూ నీటిలో కలిసి మళ్లీ గట్టిపడితే పుడుతుంది. అందుకే ద్వితీయ ఖనిజం అంటారు. నాకు మాత్రం బురదలో జరిగే పుట్టుకే అన్నిటికన్నా అద్భుతం. గాలి చొరని తడి మట్టిలో బ్యాక్టీరియా ఇనుమును ఫెర్రస్‌గా మారుస్తుంది. కుళ్లుతున్న జీవి ఎముకల నుంచి ఫాస్ఫేట్ వస్తుంది. క్రిమియాలోని కెర్చ్ దగ్గర శిలాజ గవ్వల కడుపులో ఈ స్ఫటికాలు గుత్తులుగా నిండి ఉంటాయి. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన, 5,000 ఏళ్లు దాటిన ఓట్జీ అనే మనిషి దేహం చర్మం మీద కూడా ఇది నీలి చుక్కలుగా కనిపించింది. కామెరూన్‌లోని అన్లువా బంకమట్టిలోనైతే మీటరుకు పైబడిన స్ఫటికాలే దొరికాయి.

మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో ఫాస్ఫరస్‌ను తొలగించడానికి ఇనుప లవణాలు కలుపుతారు. అక్కడి మడ్డిలోనూ ఇదే పుడుతుంది. దీనికి అయస్కాంతం వైపు కొద్దిగా లాగబడే గుణం ఉంది కనుక మడ్డి నుంచి వేరు చేసి, ఫాస్ఫరస్‌ను తిరిగి రాబట్టే పద్ధతిని నెదర్లాండ్స్ పరిశోధకులు పరీక్షించారు. ఎరువుల ఫాస్ఫేట్ కోసం చాలావరకు దిగుమతుల మీదే ఆధారపడ్డ మన దేశంలో, నగరాల మురుగు మడ్డిని ఈ దృష్టితో పరీక్షించే పని వెంటనే మొదలుపెట్టాలి.