మూడు యుగాల గీతలు ఎవరు గీశారు?

గ్రూప్స్ పరీక్షలకు కూర్చున్న ఎవరి బల్ల మీద చూసినా చరిత్ర మూడు కట్టలుగా ఉంటుంది: ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక. హైస్కూలు పాఠ్యపుస్తకం నుంచి ఎం.ఏ. సిలబస్ దాకా ఇదే వరస. కాలంతో పాటే పుట్టినంత సహజంగా అలవాటైపోయింది కనుక, దీనికీ ఓ పుట్టిన ఊరు ఉందని, దీన్ని పెంచినవాళ్లున్నారని, ఓడలెక్కి ఇది మన దాకా వచ్చిందని ఎవరికీ తట్టదు. ప్రపంచ చరిత్ర యూరప్ చుట్టూనే తిరుగుతోందని బాధపడేవాళ్లు కూడా ఎక్కువగా పేజీలే లెక్కపెడతారు. ఫ్రెంచి విప్లవానికి ఇన్ని, చైనాకు ఇన్ని, ఆఫ్రికాకు ఇన్నేనా అని. పేజీలు పెంచినంత మాత్రాన తీరే లోపం కాదిది. పక్షపాతం విషయసూచికలోనే ఉంది. పాఠం మొదలు కాకముందే అది తన పని చేసేస్తుంది.

కథ రోమ్ శిథిలాల్లో మొదలవుతుంది. ఫ్రాంచెస్కో పెట్రార్క్ (1304–1374) అనే ఇటలీ కవి తన మిత్రుడు జొవానీ కొలోనాతో కలిసి ఆ శిథిలాల్లో నడిచేవాడు. అలసిపోతే డయోక్లీషియన్ చక్రవర్తి కట్టించిన స్నానశాలల పైకప్పు ఎక్కి ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు. తర్వాత ఆ మిత్రుడికి రాసిన ఉత్తరంలో పెట్రార్క్ ఆ కబుర్లను గుర్తు చేసుకుంటూ కాలాన్ని రెండుగా చీల్చాడు. రోమ్ చక్రవర్తులు క్రీస్తును కొలవడం మొదలుపెట్టక ముందున్నది ప్రాచీనం. అప్పటి నుంచి తన రోజుల దాకా ఉన్నది కొత్తది. ఆ కొత్త కాలమంతా అతని కంటికి చీకటే. రోమ్ పాడుబడింది. పోప్ రోమ్‌ను వదిలి ఫ్రాన్స్ దక్షిణాన ఆవిన్యోన్‌లో కూర్చున్నాడు. సిసిరో రాసినంత చక్కని లాటిన్ రాసేవాడు లేడు. ఇది ఒక ఊరి పతనం చూసి ఒక కవి పడ్డ దుఃఖం. ఆ దుఃఖాన్ని తప్పుపట్టలేం. కానీ అతనికి చీకటిగా తోచిన శతాబ్దాల్లోనే బాగ్దాద్‌లో గణితం, కోర్డోబాలో వైద్యం వెలిగాయి. అతనికి అది తెలియక కాదు. వైద్యుడైన తన మిత్రుడు జొవానీ దోందీకి రాస్తూ, తన వైద్యం విషయంలో అరబ్బుల మాట ఎత్తవద్దని, అరేబియా నుంచి మంచిదేదైనా వస్తుందంటే నమ్మలేనని పెట్రార్క్ తేల్చిచెప్పాడు. చీకటి ఎక్కడుందో చెప్పేటప్పుడు వెలుగు ఉన్న దిక్కుకు చూడనని పట్టుబట్టడం ఆనాడే మొదలైంది.

తర్వాతి తరం ఈ దుఃఖానికి కాలపట్టిక కట్టింది. లియొనార్డో బ్రూనీ ఫ్లోరెన్స్ ప్రజల చరిత్ర రాశాడు. ఫ్లావియో బియోందో 410లో గోత్ తెగవాళ్లు రోమ్‌ను కొల్లగొట్టిన దగ్గర నుంచి తన కాలం దాకా ఒక పెద్ద గ్రంథం రాసి, ఆ వెయ్యేళ్లకు ఒక మొదలూ ఒక చివరా ఏర్పరిచాడు. ఇటలీ పండితులకు ఇది చాలినంత ఉపయోగపడింది. అప్పటికి ప్రపంచమంతటికీ దీన్ని వర్తింపజేయాలన్న ఆలోచన ఎవరికీ లేదు. ఆల్ప్స్‌కు ఉత్తరాన జర్మన్ విశ్వవిద్యాలయాల్లో వేరే లెక్క నడిచేది: బైబిల్‌లో దానియేలు ప్రవక్త కలను ఆధారం చేసుకుని బాబిలోన్, పర్షియా, గ్రీసు, రోమ్ అనే నాలుగు సామ్రాజ్యాల లెక్క. ఫ్రెంచి పండితుడు జాఁ బోదాఁ 1566లోనే ఆ లెక్కను తప్పుపట్టాడు. ఆ నాలుగు తప్ప లోకంలో రాజ్యాలే లేవా అన్నది అతని అభ్యంతరాల్లో ఒకటి.

పాత లెక్క పోయింది. దాని స్థానంలోకి వచ్చినది మరీ ఇరుకైనది. క్రిస్టోఫ్ కెల్లర్, లాటిన్ పేరు సెల్లారియస్ (1638–1707), జర్మనీలో కొన్నేళ్లు పాఠశాలల ప్రధానోపాధ్యాయుడిగా చేసి, చివరికి హాలేలో కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. విద్యార్థుల కోసం 1685లో ప్రాచీన చరిత్ర, 1688లో మధ్యయుగ చరిత్ర, 1696లో కొత్త చరిత్ర అచ్చువేశాడు. తర్వాత మూడూ కలిపి విశ్వచరిత్ర అన్న పేరుతోనే వెలువడ్డాయి. మొదటి గీత కాన్‌స్టంటైన్ చక్రవర్తి దగ్గర, రెండోది 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్న ఏడాది దగ్గర గీశాడు. ఈ రెండు గీతలూ ఒకే నగరం కథలోవి. ఆ నగరాన్ని నిలబెట్టినవాడితో ఒక యుగం ముగుస్తుంది, అది చేజారిన ఏడాదితో ఇంకొక యుగం ముగుస్తుంది. అదే 1453లో విజయనగరంలో రెండో దేవరాయలు పోయి ఏడేళ్లయింది, పట్టణం నిండుగా ఉంది, ఆధునిక యుగం మొదలైందని అక్కడెవరికీ కబురు రాలేదు. సెల్లారియస్ దుర్మార్గుడేమీ కాడు. పిల్లలకు గుర్తుండేలా పుస్తకం రాసిన మాస్టారు. సులువుగా గుర్తుండటమే ఆ పుస్తకాల బలం. బలవంతుల చేతుల్లో పడ్డాక అదే లోకానికి చేటయింది.

విశ్వచరిత్ర అనే ప్రయత్నం ఇంతకన్నా విశాలంగా జరగడం అసాధ్యమేమీ కాదు. అప్పటికే జరిగింది కూడా. 14వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఇరాన్‌ను ఏలిన మంగోలు సుల్తాన్ గాజాన్ దగ్గర మంత్రిగా ఉన్న రషీదుద్దీన్, తబ్రీజ్‌లో కూర్చుని ‘జామి అల్ తవారీఖ్’ రాయించాడు. మంగోలులు, చైనీయులు, యూదులు, ఫ్రాంకులు, భారతీయులు అందరి చరిత్రా అందులో ఉంది. ఏ జనం కథను ఆ జనానికి చెందిన పండితుల సాయంతో రాయాలన్నది అతని పద్ధతి. భారతదేశ భాగానికి కాశ్మీరు నుంచి వెళ్లిన కమలశ్రీ అనే బౌద్ధ భిక్షువు తోడ్పడ్డాడు. బుద్ధుడి జీవితం అందులోకి అలా వచ్చింది. పెట్రార్క్ లెక్కలో అది చీకటి కాలం. రషీదుద్దీన్‌ను 1318లో దర్బారు కుట్రల్లో ఇరికించి చంపారు. అయినా అతని పుస్తకం బతికింది. మన ప్రపంచ చరిత్ర పాఠాల్లో అతని పేరు వినిపించకపోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే అనిపిస్తుంది.

యూరప్ కూడా కొంతకాలం తలుపులు తెరిచి చూసింది. బోస్సుయే అనే బిషప్ 1681లో రాసిన విశ్వచరిత్రలో చైనా, భారతదేశం లేనేలేవు. 1756లో వోల్టేర్ మాత్రం తన పెద్ద చరిత్ర గ్రంథాన్ని చైనాతో మొదలుపెట్టాడు, వెంటనే భారతదేశానికి వచ్చాడు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు గడవకముందే బెర్లిన్‌లో హెగెల్ 1822 నుంచి తన ఉపన్యాసాల్లో దానికి పూర్తిగా ఎదురు మాట చెప్పాడు. చరిత్ర తూర్పున మొదలై పడమరన ముగుస్తుందట. తూర్పున స్వేచ్ఛ ఒక్కడికే తెలుసు, గ్రీసు రోమ్‌లలో కొందరికి, జర్మన్ ప్రపంచంలో అందరికీ. ఆఫ్రికాకు చరిత్రే లేదు.

ఈ డెబ్బై ఏళ్లలో చైనా గురించో మన గురించో కొత్త సాక్ష్యమేదీ దొరికి వోల్టేర్ మాట అబద్ధమైపోలేదు. మారినది బలాబలాలు. 1757లో ప్లాసీ యుద్ధం జరిగింది. బెంగాల్ రాబడి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. లాంకషైర్ మిల్లుల్లో ఆవిరి యంత్రాలు తిరిగాయి. గెలిచినవాడికి తన గెలుపు ముందే రాసిపెట్టి ఉందని చెప్పే చరిత్ర కావాలి. సెల్లారియస్ మూడు గదులు అందుకు సరిగ్గా సరిపోయాయి: మొదటి గదిలో మేమూ మీరూ ఉన్నాం, రెండో దానిలో మేమూ నిద్రపోయాం, మూడో దానిలోకి మేం ముందుగా వచ్చాం, మీరు ఇంకా రెండోదానిలోనే ఉన్నారు.

మన దగ్గరికి ఈ మూడు గదుల లెక్క జేమ్స్ మిల్ చేతుల మీదుగా వచ్చింది. 1817లో అచ్చయిన అతని బ్రిటిష్ ఇండియా చరిత్ర మన గతాన్ని అలాగే మూడుగా, హిందూ, మహమ్మదీయ, బ్రిటిష్ అని విడగొట్టింది. మిల్ ఈ దేశంలో అడుగుపెట్టలేదు, ఇక్కడి భాష ఒక్కటీ నేర్చుకోలేదు. అది లోపం కాదు, నిష్పక్షపాతానికి మేలేనని ముందుమాటలో వాదించాడు. కంపెనీ కొలువుకు వచ్చే కుర్రవాళ్లు హెయిలీబరీ కళాశాలలో ఆ పుస్తకం చదివి ఓడెక్కేవారు. సంస్కృతం తెలిసిన హోరేస్ విల్సన్ 1840లో దాన్ని మళ్లీ అచ్చువేయిస్తూ అడుగడుగునా తప్పులు దిద్దాడు. అడుగు నోట్లలో మిల్ మాటలు తప్పని తేలాయి, అయినా అధ్యాయాల వరస మాత్రం చెక్కుచెదరలేదు.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాతి సంగతి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నిలబెట్టాడు. తెలుగువాడికి తెలుగులో చరిత్ర చెప్పాలన్న తపనలో ఆయనకు సాటి లేరు. ఆయన రాసిన దేశచరిత్ర భాగాల పేర్లు ‘హిందూ మహాయుగము’, ‘మహమ్మదీయ మహాయుగము’. లోపల ఉన్నది దేశభక్తే. కానీ పేర్లలో కనిపిస్తున్నది మిల్ విభజన. ఒక్క లక్ష్మణరావుగారి విషయమే కాదిది. చైనాలో లియాంగ్ చిచావో 1901లో తన దేశ చరిత్రను మూడు యుగాలుగా విడదీశాడు. జపాన్‌లో నైతో కొనాన్ ఇంకో మెట్టెక్కి, ఆధునిక యుగం యూరప్‌లో కాదు, 10వ శతాబ్దంలో మొదలైన సోంగ్ పాలనతో చైనాలోనే ముందు మొదలైందని వాదించాడు. అచ్చు పుస్తకాలు, కాగితం డబ్బు, పరీక్షలు నెగ్గి వచ్చిన ఉద్యోగులు, పెద్ద పట్టణాలు, అన్నీ అక్కడున్నాయి కదా. వాదన గట్టిదే. అయినా ఆధునికత అనే బహుమానం ఒకటుందని, దాన్ని ముందు అందుకున్నవాడే గొప్పని అందులోనూ ఒప్పుకున్నట్టే అయింది. ఎదిరించినవాళ్లు కూడా ఎదుటివాడి కొలకర్రతోనే కొలిచారు. యూరప్ కేంద్రంగా చూసే చూపు ఎంత లోతుకు పోయిందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు కనిపించదు. ఈనాడు అన్నీ మనమే ముందు కనిపెట్టామని చాటే పుస్తకాలూ ఆ కోవలోవే.

తెలుగు నేల మీద ఈ గీతలు అడుగడుగునా బెసుకుతాయి. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. ఏలికయ్యాక తెలుగు కవులను ఆదరించాడు, వాళ్లు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. మతం పేరుతో గీసిన యుగాల్లో ఈ మనిషిని ఎక్కడ నిలబెట్టినా కథ సగం తెగిపోతుంది.

ఆధునిక యుగానికి తెర ఎత్తిన ఘట్టంగా మనం బట్టీపట్టే 1498 సంగతీ అంతే. వాస్కోడిగామా భారతదేశానికి దారి ‘కనుగొన్నాడు’ అని చదివాం. అతను ముందుగా కాలికట్ ఒడ్డుకు పంపిన మనిషికి ఎదురైనవాళ్లు ట్యునీసియా నుంచి వచ్చిన ఇద్దరు వర్తకులు. వాళ్లు అతనితో స్పెయిన్ భాషలో మాట్లాడారని ఆ ప్రయాణంలో ఉన్న పోర్చుగీసు వ్యక్తే దినచర్యలో రాసుకున్నాడు. మధ్యధరా ఒడ్డు మనుషులు అప్పటికే మలబారులో బేరాలాడుకుంటున్నారన్నమాట.

1963లో హ్యూ ట్రెవర్-రోపర్ అనే ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ఆఫ్రికాలో యూరోపియన్ల చరిత్రే ఉందని, మిగిలినదంతా చీకటని అన్నాడు. పెట్రార్క్ చీకటి ఆరు వందల ఏళ్లు ప్రయాణించి ఖండం మారింది. యునెస్కో మరుసటి ఏడాదే ఆఫ్రికా చరిత్ర పని మొదలుపెట్టింది. ఆ చరిత్ర ఎనిమిది సంపుటాలు 1981 నుంచి వెలువడ్డాయి, సంపాదకుల్లో ఆఫ్రికన్లు ఎక్కువమంది ఉండేలా చూశారు. షికాగోలో మార్షల్ హాడ్జ్‌సన్ ఆఫ్రికా ఆసియా యూరప్‌లను కలిపి ఒకే విస్తారంగా చూడాలని జీవితమంతా వాదించి 46 ఏళ్లకే చనిపోయాడు. అతని ‘ది వెంచర్ ఆఫ్ ఇస్లామ్’ 1974లో అచ్చయింది. సమీర్ అమీన్ 1988లో, జాక్ గూడీ 2006లో ఈ పక్షపాతాన్ని ఏకంగా పుస్తకాలే రాసి నిలదీశారు. 

పండితుల గోష్ఠిలో గెలిచిన వాదం తరగతి గదికి చేరడం వేరే కష్టం. అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ప్రపంచ చరిత్ర పరీక్షను 1450 నుంచే మొదలుపెడతామని కాలేజ్ బోర్డ్ 2018లో ప్రకటించింది. అంతకుముందు అది పది వేల ఏళ్లను తడిమేది. సిలబస్ బరువు తగ్గించడమన్నది వాళ్ల కారణం. ఉపాధ్యాయులు, విద్యార్థులు గట్టిగా అడ్డుచెప్పారు. 1450తో మొదలుపెడితే ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాల జనం యూరప్ ఓడలు వచ్చాకే పుస్తకంలో కనిపిస్తారన్నది వాళ్ల మాట. కొన్ని వారాల్లోనే బోర్డు 1200కు వెనక్కు జరిగింది. మన తెలుగు పిల్లలెందరో అక్కడ ఆ పాఠం చదువుతున్నారు. వాళ్లకు సోంగ్ చైనా, మాలి రాజ్యం కొలంబస్‌ కన్నా ముందు పరిచయమవుతున్నాయి. ఇది మేలే. కానీ 1200 నుంచి 1450 దాకా ఒక భాగం, 1450 నుంచి మరొకటి. సెల్లారియస్ రెండో గీత మూడేళ్ల తేడాతో అక్కడే ఉంది.

వేరే గీతలు గీయలేమా అంటే, గీసినవాళ్లున్నారు. కె.ఎన్. చౌధురి 1985లో రాసిన హిందూ మహాసముద్ర చరిత్ర ఇస్లాం పుట్టుకతో మొదలై 1750తో ఆగుతుంది. యుగాన్ని నిర్ణయించేది రాజుల మతం కాదు, ఐరోపా పతనోత్థానాలు కాదు. రుతుపవనాల వెంట సాగిన వర్తకం. ఆ లెక్క మన కోస్తాకు ఎంత బాగా అతుకుతుందో చూడండి. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానులో చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాను మాత్రం సుంకం తప్ప ఏదీ తీసుకోనని సముద్ర వర్తకులకు రాసిచ్చిన హామీ అది. సుంకం ముప్పైలో ఒక వంతు. అదే తీరంలో కొంచెం పైకి పోతే మచిలీపట్నం. అక్కడి నుంచి గోల్కొండ ఓడలు బర్మాలోని పెగూకు, సుమత్రాలోని ఆచేకు, పర్షియాకు బట్టలు మోసుకుపోయేవి. డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి చేరింది ఆ సందట్లోకే. మన పాఠ్యపుస్తకంలో మోటుపల్లి మధ్యయుగంలో ఒక పేరా, మచిలీపట్నం ‘ఐరోపావారి రాక’ అనే వేరే అధ్యాయంలో ఇంకొక పేరా. సముద్రం లెక్కన చూస్తే రెండూ ఒకే అధ్యాయంలోకి వస్తాయి, ఇంగ్లీషువాళ్లు ఆ అధ్యాయం చివర్లో వస్తారు.