అమెరికా దౌత్య ఉద్యోగుల స్వదేశ సెలవు

విదేశాల్లోని రాయబార కార్యాలయాలు, కాన్సులేట్లలో పనిచేసే అమెరికా ప్రభుత్వ ఉద్యోగులకు మామూలు సెలవులతో పాటు జీతంతో వచ్చే ప్రత్యేక సెలవే స్వదేశ సెలవు. దీన్ని వాడుకలో హోమ్ లీవ్ అంటారు. పేరుకు సెలవే అయినా ఇది విధుల్లో భాగం. ఏళ్ల తరబడి పరాయి గడ్డ మీద ఉన్నవారికి సొంత దేశం కొత్తగా తోచే ప్రమాదం ఉంది. ఏ దేశం తరఫున మాట్లాడాలో ఆ దేశమే తెలియకుండా పోకూడదని ఈ ఏర్పాటు. అందుకే దీన్ని అమెరికాలో గానీ, దాని ఆధీన ప్రాంతాల్లో గానీ గడపాలి. దారిలో బ్యాంకాక్‌లో నాలుగు రోజులు ఆగితే ఆ రోజులు ఇందులోకి రావు. విదేశంలో ఏకబిగిన మూడేళ్లు పనిచేసిన ఉద్యోగిని వీలైనంత త్వరగా ఈ సెలవు మీద పంపాలని 1980 నాటి ఫారిన్ సర్వీస్ చట్టం చెబుతుంది. ఉద్యోగి అడిగేదాకా ఆగనక్కర్లేదు.

అర్హత రావాలంటే మొదట 24 నెలల నిరంతర విదేశ సేవ ఉండాలి. ఎక్కడికి వేస్తే అక్కడికి వెళ్లక తప్పని ఫారిన్ సర్వీస్ వారికి ఏడాదికి 15 పనిదినాలు, మిగతావారికి నియామక షరతులను బట్టి 10 లేదా 5 జమ అవుతాయి. హైదరాబాద్ కాన్సులేట్‌లో మూడేళ్లు చేసిన వీసా అధికారి ఖాతాలో 45 పనిదినాలు ఉంటాయి. శని, ఆదివారాలు లెక్కలోకి రావు కనుక అవి తొమ్మిది వారాలు. వాడుకోనివి మురిగిపోవు, నిలవకు పరిమితి లేదు. అయితే ఉద్యోగం వదిలేటప్పుడు వాటికి డబ్బు రాదు. మళ్లీ విదేశానికి వెళ్లేవారికే ఈ సెలవు మంజూరవుతుంది.

వార్షిక సెలవు సర్వీసును బట్టి ఏడాదికి 13, 20 లేదా 26 రోజులు. స్వదేశంలో పనిచేసేవారు మరుసటి ఏడాదికి 30 రోజులకు మించి నిలవ ఉంచుకోలేరు. విదేశంలో ఉన్నవారికి ఆ హద్దు 45. ఈ సెలవుకు మాత్రం చివర్లో డబ్బు చేతికొస్తుంది. అనారోగ్య సెలవు 13 రోజులు. బిడ్డ పుట్టినా, దత్తత తీసుకున్నా 12 వారాల జీతపు సెలవు 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉంది.

భత్యాల్లో నివాసం, పిల్లల చదువు ముఖ్యమైనవి. జీవనం కష్టమైన ఊళ్లలో మూల వేతనంపై 5 నుంచి 35 శాతం దాకా అదనంగా ఇస్తారు. అలాంటి కొన్ని చోట్ల నుంచి విశ్రాంతి ప్రయాణానికి టికెట్ ఖర్చు ప్రభుత్వానిది, సెలవు రోజులు ఉద్యోగివి. అన్నిటిలోకీ మనసును తాకేది అత్యవసర ప్రయాణ సదుపాయం. తల్లి గానీ తండ్రి గానీ అవసాన దశలో ఉన్నారని కబురొస్తే రానుపోను ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుంది. సముద్రాల అవతల ఉద్యోగం చేసే బిడ్డకు ఇంతకన్నా విలువైన భత్యం లేదు.

ఇవేవీ స్థానికంగా నియమించుకున్న సిబ్బందికి వర్తించవు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023లో నానక్‌రామ్‌గూడకు మారిన హైదరాబాద్ కాన్సులేట్‌లోనూ ఇలాంటి ఉద్యోగులున్నారు. వారు తమ దేశంలోనే ఉన్నారు కనుక స్వదేశ సెలవు ప్రశ్నే రాదు. వారి జీతం, సెలవులు స్థానికంగా నడిచే పద్ధతిని బట్టి ఖరారవుతాయి. పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరి సెలవు ఖాతాలు వేర్వేరుగా నడుస్తాయి. జులై 4న, దీపావళి రోజున మాత్రం కార్యాలయం మూతపడి ఇద్దరూ ఇంటి పట్టునే ఉంటారు.