నల్గొండ పద్ధతి

తాగునీటిలో మోతాదు మించిన ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే ప్రక్రియను నల్గొండ పద్ధతి అంటారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) దీన్ని రూపొందించింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు నవలఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో దీని వివరాలు ప్రచురించారు. ఫ్లోరోసిస్‌తో నలిగిపోయిన జిల్లా పేరే దీనికి స్థిరపడింది. కరెంటు, ఖరీదైన యంత్రాలు లేకుండా బజారులో దొరికే సరుకుతో ఇంట్లోనే చేసుకోగలగడం దీని ప్రత్యేకత.

నేపథ్యం

త్రాగునీటి వల్ల ఎముకలు దెబ్బతినే జబ్బు మన దేశంలో ఉందని మొదట బయటపడింది తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో కనిపించిన ఫ్లోరోసిస్ గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లో వైద్య పత్రికలో రాశారు. నల్గొండ జిల్లాలోని వ్యాధిపై ఎ.హెచ్. సిద్దిఖీ పరిశోధన 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. పళ్లు రూపుదిద్దుకునే చిన్న వయసులో ఇంతకు మించి ఒంట్లో చేరితే వాటి మీద గోధుమ రంగు గార మచ్చలు పడతాయి. అంతకంటే ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి చేరితే వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. మెడ తిప్పడం, గొంతుక్కూర్చోవడం కూడా కష్టమవుతుంది.

ఫ్లోరైడ్ ఎక్కడిది?

ఇది ఫ్యాక్టరీల కాలుష్యం కాదు, అడుగున ఉన్న రాయి గుణం. నల్గొండ ప్రాంతపు గ్రానైట్‌లో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అబ్రకం వంటి ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాన నీరు రాతి పగుళ్లలోకి దిగి ఎక్కువ కాలం నిలిచిన కొద్దీ ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది.

రాయి ఒక్కటే కారణం కాదు, నీటి రసాయనం కూడా తోడవుతుంది. కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి ఫ్లోరైట్‌గా మళ్లీ గట్టిపడుతుంది, నీటిలో మిగిలేది తక్కువ. కానీ వానలు తక్కువై ఎండలు మండే నేలల్లో కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా మారి మట్టిలో ఉండిపోతుంది. క్షారత్వం పెరిగి, కాల్షియం తగ్గిన ఆ నీటిలో ఫ్లోరైడ్‌కు అడ్డుండదు. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి తాగడానికి పనికొచ్చి, మరొకటి పనికిరాకపోవడం ఇందువల్లనే.

పద్ధతి

ఇంట్లో చేయడానికి అడుగు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున కుళాయి బిగించిన 40 లీటర్ల బకెట్ చాలు. నీటిలో ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. తర్వాత పటిక ద్రావణం పోసి, సుమారు పది నిమిషాలు నెమ్మదిగా కలియతిప్పి, గంటసేపు కదపకుండా ఉంచుతారు. నీటిలో పుట్టిన తెల్లటి మెత్తని ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగున మడ్డిగా దిగుతాయి. పైన తేరిన నీటిని కుళాయి తిప్పి పట్టుకుంటారు. ఊరంతటికీ కావాలంటే ఇదే పనిని పెద్ద ట్యాంకుల్లో చేసి, చివర ఇసుక పడకల్లో వడపోస్తారు.

పటికలోని అల్యూమినియం నీటిలో హైడ్రాక్సైడ్‌గా మారడమే ఇందులోని కీలకం. ఈ మార్పులో పుట్టే ఆమ్లాన్ని సున్నం, నీటిలోని క్షారత్వం విరుస్తాయి. సున్నం ముద్దలు త్వరగా దిగడానికీ తోడ్పడుతుంది. పటిక బరువులో సుమారు ఇరవయ్యో వంతు సున్నం సరిపోతుంది. పటిక మోతాదు మాత్రం ఫ్లోరైడ్, క్షారత్వం రెండింటినీ బట్టి మారుతుంది. కాబట్టి నీటిని పరీక్షించకుండా మోతాదు చెప్పడం కుదరదు.

వైద్య పరిశోధన

నల్గొండపై జరిగిన పరిశోధన రసాయన శాస్త్రంతోనే ఆగలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త సంగతి వెల్లడించారు. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో కొందరికి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయని, దానితోపాటు ఎముకలు గుల్లబారుతున్నాయని గమనించారు. నీటితోపాటు తిండినీ చూడాలన్న ఆలోచన దీనితో బలపడింది. అదే సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో హాస్టల్ పిల్లలకు రోజూ మధ్యాహ్న భోజనంతో 10 గ్రాముల చింతపండు 18 రోజులపాటు ఇచ్చి చూశారు. మూత్రంలో ఫ్లోరైడ్ బయటికి పోవడం పెరిగింది. అయినా చింతపండు శుద్ధి చేసిన నీటికి బదులు కాదు.

పరిమితులు

ఈ పద్ధతికి పటిక చాలా ఖర్చవుతుంది. లీటరుకు వందల మిల్లీగ్రాములు వేయాల్సి రావడంతో నీటిలో సల్ఫేట్ పెరిగి రుచి మారుతుంది. మోతాదు తప్పితే అల్యూమినియం నీటిలోనే మిగులుతుంది. అడుగున చేరే మడ్డిలో ఫ్లోరైడ్ పోగుపడి ఉంటుంది కనుక దాన్ని ఎక్కడ పడితే అక్కడ పారబోయకూడదు. కరిగిన లవణాలు లీటరుకు 1500 మిల్లీగ్రాములు దాటిన నీటికి ఈ పద్ధతిని సిఫారసు చేయరు. అన్నిటికంటే ముఖ్యంగా, కొలిచి కలిపి మడ్డి తీసే పనిని ఎవరో ఒకరు రోజూ చేయాలి. అది తప్పిన రోజు ఇంటిల్లిపాదీ మళ్లీ పాత నీరే తాగుతారు.

యాక్టివేటెడ్ అల్యూమినా, ఎముకల బొగ్గు, రివర్స్ ఆస్మాసిస్ ఇతర మార్గాలు. అల్యూమినాను కొంతకాలానికోసారి క్షారం, ఆమ్లంతో కడిగి పునరుద్ధరించాలి. రివర్స్ ఆస్మాసిస్‌లో శుద్ధి అయ్యే నీటితోపాటు కొంత నీరు వృథాగా పోతుంది.

వ్యాప్తి, ప్రస్తుత స్థితి

ఫ్లోరైడ్ సమస్య తీవ్రంగా ఉన్న తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయ దేశాలు టాంజానియా, ఇథియోపియాలలోనూ నల్గొండ పద్ధతిని ప్రయత్నించారు. సొంత జిల్లాలో మాత్రం అసలు పరిష్కారం నీటి వనరును మార్చడం ద్వారా వచ్చింది. ఏళ్ల ఉద్యమాల తర్వాత కృష్ణా జలాలు ఊళ్లకు చేరాయి. ఇంటింటికీ శుద్ధి చేసిన నదీజలాలు ఇచ్చే మిషన్ భగీరథకు 2015లో పైలాన్ ఆవిష్కరించింది అప్పటి నల్గొండ జిల్లాలోని చౌటుప్పల్‌లోనే.

నదీజలాలు అందని చోట, అందినా ఆగిపోయే రోజుల్లో బోరు నీరే దిక్కు. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు. కాచితే పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. వంకరపోయిన ఎముకను తిరిగి సరిచేసే మందు లేదు. అందువల్ల కొత్త బోరు నీటిని నోట పోసుకునే ముందే పరీక్ష చేయించుకోవాలి.